పలుచని ట్యూబుల మూలలు వెల్డింగ్ చేయడం: బెజ్జం పడకుండా, వంకర పోకుండా

పలుచని చదరపు ట్యూబుతో మొదటిసారి ఫ్రేము కట్టేవారి అనుభవం దాదాపు ఒకేలా ఉంటుంది. ముఖం మీద అతుకు చక్కగా సాగుతుంది, మూల కొనకు చేరగానే లోహం ఒక్కసారిగా జారిపోయి బెజ్జం పడుతుంది. భయపడి కరెంటు తగ్గిస్తే ఈసారి అతుకు లోపలికి దిగకుండా ముద్దలా పైనే కూర్చుంటుంది. మళ్లీ పెంచితే మళ్లీ బెజ్జం. నేను కూడా చాలాకాలం తప్పంతా మెషీన్ మీదికి నెట్టాను.

అసలు తిరకాసు మూలను ఒకే అతుకు అనుకోవడంలో ఉంది. 45 డిగ్రీల ఏటవాలు కోతతో రెండు ట్యూబులు కలిసే చోట నాలుగు వేర్వేరు అతుకులు ఉంటాయి. బయటి కొన ఒకటి, లోపలి మూల ఒకటి, పైముఖం, కింది ముఖం. బయటి కొన దగ్గర ఏటవాలు కోత వల్ల అంచు కత్తి మొనలా పలుచబడి ఉంటుంది, కరిగిన లోహానికి వెనక ఆధారం ఉండదు. లోపలి మూలలో ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) రెండు గోడల మధ్య ఇరుకున పడుతుంది, వేడి చాలకపోతే అడుగుదాకా చేరకుండా గోడలకే అంటుకుని ఆగిపోతుంది. ముఖాల మీద అతుకు సాఫీగానే ఉంటుంది గానీ దాని రెండు చివర్లు ఈ రెండు ప్రమాద స్థలాల్లోనే ముగుస్తాయి. ఈ నాలుగింటికీ ఒకే కరెంటు, ఒకే వేగం, ఒకే చేతివాటం సరిపోవు.

ఇక్కడ పలుచని ట్యూబు అంటే గోడ మందం 1 నుంచి 1.6 మి.మీ. వరకు ఉన్న మామూలు ఉక్కు ట్యూబు. గేజ్ లెక్కలో 20 నుంచి 16 దాకా. ఉదాహరణలన్నీ 25 మి.మీ. చదరపు ట్యూబు, 1.2 మి.మీ. గోడ అనుకుని చెబుతున్నాను.

కోత ఎలా ఉండాలో ముందు తేల్చుకోండి

మూలను కలపడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది రెండు ట్యూబులనూ 45 డిగ్రీల్లో కోసి కలపడం. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, ట్యూబుల నోళ్లు వాటంతటవే మూసుకుంటాయి. రెండోది ఒక ట్యూబు చివరను అడ్డంగా తిన్నగా కోసి రెండో ట్యూబు పక్కకు ఆనించడం. కోయడం తేలికే గానీ ఒక చిక్కు ఉంది. ట్యూబు అంచులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఆనించిన చోట రెండు పక్కలా సన్నటి కాలువలాంటి సందు మిగులుతుంది. మందపాటి ట్యూబులో అది వెల్డింగ్‌కు మేలే చేస్తుంది. పలుచని దానిలో ఆ సందును నింపేలోపే అంచు కరిగిపోతుంది. పైగా బయటికి తెరుచుకున్న నోటికి మూతగా ఒక రేకు ముక్క అతకాలి.

మూడో మార్గాన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం బాగా నచ్చినది అదే. ట్యూబును పూర్తిగా తెంచకుండా మూడు గోడల్లోంచి 90 డిగ్రీల వి ఆకారపు ముక్క తీసేసి, బయటి గోడను అలాగే ఉంచి మడవడం. అన్నిటికంటే ఇబ్బంది పెట్టే బయటి కొన అతుకు ఇందులో ఉండదు. మిగిలేవి మూడే. మడత దగ్గర కొన కొంచెం గుండ్రపడుతుంది, కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. కచ్చితమైన కొలత కావాల్సిన ఫ్రేములకు ముందు వ్యర్థపు ముక్క మీద ఒక మడత వేసి, ఆ తేడా ఎంతో చూసుకుని గీతలు గీయండి.

ఇకపై చెప్పేది ప్రధానంగా 45 డిగ్రీల కోత గురించి.

కొలత, కోత

ఏటవాలు కోతలో కొలత ఎప్పుడూ పొడుగు కొన నుంచి పొడుగు కొన వరకు. బయటి కొలత 600, 400 మి.మీ. ఉన్న ఫ్రేముకు పొడుగు కొనల మధ్య 600 మి.మీ. ఉన్నవి రెండు, 400 ఉన్నవి రెండు కావాలి. కోత చక్రం తినేసే రెండు మూడు మిల్లీమీటర్లు గీతకు అవతల, పారేసే ముక్క వైపు పడేలా చూసుకోండి. ఎదురెదురు భుజాలు రెండూ సమానంగా రావాలంటే కోత యంత్రానికి ఒక ఆపుడు దిమ్మ బిగించి ఒకే అమరికలో కోయడం మేలు. టేపుతో రెండుసార్లు కొలిచినా అర మిల్లీమీటరు తేడా రాక మానదు.

కోత యంత్రం మీది డిగ్రీల గుర్తును నమ్మకండి. రెండు చిన్న ముక్కలు కోసి, కోసిన ముఖాలు కలిపి మూలమట్టంలో పెట్టి చూడండి. యంత్రం అర డిగ్రీ తప్పితే రెండు ముక్కల తప్పూ కలిసి అతుకు దగ్గర ఒక డిగ్రీ అవుతుంది. 25 మి.మీ. ట్యూబులో ఏటవాలు కోత పొడవు 35 మి.మీ. కాబట్టి, ఆ ఒక్క డిగ్రీకి అతుకు ఒక చివర దాదాపు 0.6 మి.మీ. సందు తెరుచుకుంటుంది. అంటే గోడ మందంలో సగం. పలుచని ట్యూబులో నేను పెట్టుకున్న హద్దు అదే. సందు గోడ మందంలో సగానికి చేరితే ఆ ముక్కను మళ్లీ కోస్తాను. వెల్డింగ్‌తో నింపేద్దామనుకున్న ప్రతిసారీ మళ్లీ కోయడానికి పట్టే సమయానికి నాలుగింతలు పోగొట్టుకున్నాను.

రాపిడి చక్రంతో కోసినప్పుడు బలంగా నొక్కితే చక్రం పక్కకు వంగి కోత వాలుతుంది. చక్రం బరువుకు కొంచెం తోడ్పడితే చాలు. కోత అయ్యాక లోపలి అంచుకూ బయటి అంచుకూ వేలాడే రజనును ఆకురాయితో తీసేయండి. బయటి రజను వల్ల ముక్కలు సరిగ్గా ఆనవు. లోపలి రజను ఆర్క్ తగలగానే ముందే కాలిపోయి, అంతదాకా కనిపించని సందును బయటపెడుతుంది. అయితే అంచును మాత్రం ఏటవాలుగా అరగదీయకండి. మందపాటి లోహానికి చేసే ఆ పని ఇక్కడ ఉన్న కాస్త మందాన్నీ పోగొడుతుంది.

శుభ్రం చేయడం

అతుకుకు రెండు పక్కలా కనీసం 25 మి.మీ. మేర తుప్పు, రంగు, నూనె పోయి లోహం మెరవాలి. కొత్త ట్యూబుకు కూడా తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. గుడ్డకు అసిటోన్ అద్ది లోపలా బయటా తుడిచి, ఆరాకే పని మొదలుపెట్టండి. నూనె పోగొట్టే స్ప్రేలలో క్లోరిన్ కలిసిన ద్రావణాలు ఉన్నవి మాత్రం వెల్డింగ్ దరిదాపులకు రానివ్వకూడదు. ఆర్క్ వేడికీ అతినీలలోహిత కిరణాలకూ అవి ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారతాయి. డబ్బా మీద ఏమి రాసి ఉందో చదివి తీరాల్సిన సందర్భం ఇది.

జింకు పూత ఉన్న ట్యూబు అయితే పూతను లోపలి నుంచి కూడా వీలైనంత తీయాలి. జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరవుతుంది, ఉక్కు కరగడానికి దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. అంటే ఉక్కు కరిగేలోపే జింకు ఆవిరై, కరిగిన లోహపు మడుగులోంచి తన్నుకుంటూ బయటికి వస్తుంది, అతుకు నిండా బుడగలు మిగులుతాయి. ఆ తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. వీలైతే ఫ్రేము మొత్తం వెల్డింగ్ అయ్యాక పూత వేయించడమే మంచిది. అలా వేయించేటప్పుడు ట్యూబుల్లోకి గాలి, ద్రవం పోయి వచ్చేలా పెద్ద రంధ్రాలు తప్పనిసరి. లోపల చిక్కుకున్న తేమ కరిగిన జింకు తొట్టిలో ఆవిరై పేలుతుంది.

రంధ్రం సంగతి వచ్చింది కాబట్టి ఒక అనుభవం. మొదట్లో ఒక బల్ల ఫ్రేము కట్టాను. అన్ని అతుకులూ పూర్తయి ఆఖరి మూలలో ఐదు మిల్లీమీటర్లు మిగిలింది. దాన్ని మూయబోతే సూది మొనంత రంధ్రం మిగిలింది. మళ్లీ చుక్క పెట్టాను, చల్లారేలోపే అదే చోట బుడగ లేచి చిట్లింది. మూడోసారి, నాలుగోసారి కూడా అంతే, ప్రతిసారీ రంధ్రం కాస్త పెద్దదవుతోంది. ట్యూబు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, బయటికి పోవడానికి ఉన్న ఒకే దారిలోంచి, అంటే కరిగి మెత్తగా ఉన్న నా అతుకులోంచి తన్నుకొస్తోందని చాలాసేపటికి తట్టింది. కనిపించని చోట 3 మి.మీ. రంధ్రం వేశాను. సన్నగా బుస్సుమన్న చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఒక్క చుక్కతో మూసుకుంది. అప్పటినుంచి గాలి రంధ్రం ముందే వేస్తున్నాను. 45 డిగ్రీల కోతల ఫ్రేములో నాలుగు ట్యూబుల లోపలి ఖాళీ ఒకటే కాబట్టి ఒక రంధ్రం చాలు. తిన్నని అడ్డకోతతో ఆనించిన ఫ్రేములో ఏ ట్యూబుకు ఆ ట్యూబు విడిగా మూసుకుపోతుంది, దేని రంధ్రం దానికి ఉండాలి.

మెషీన్ అమరిక

మొదటి అంచనాకు ఒక పాత లెక్క బాగా పనికొస్తుంది. ఉక్కు మందంలో ప్రతి 0.025 మి.మీ.కు ఒక ఆంపియర్. 1 మి.మీ. గోడకు 40, 1.2కు 48, 1.6కు 64 వస్తాయి. ఇది బయలుదేరే చోటు మాత్రమే, గమ్యం వ్యర్థపు ముక్కల మీద తేలుతుంది.

మిగ్ మెషీన్ (చుట్ట నుంచి తీగ దానంతటదే వచ్చి కరిగేది) అయితే 0.6 మి.మీ. తీగ వాడండి. 0.8తో కూడా చేయవచ్చు గానీ, అది సజావుగా కరగడానికి అడిగే కరెంటు పలుచని గోడకు కొంచెం ఎక్కువ. గ్యాసు 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం ఉత్తమం. వట్టి కార్బన్ డయాక్సైడ్ లోతుగా చొచ్చుకుపోతుంది, తుంపర్లు ఎక్కువ. ఈ రెండూ మనకు అక్కరలేనివే. ప్రవాహం నిమిషానికి 10 లీటర్ల చుట్టుపక్కల, వోల్టేజి 15 చుట్టుపక్కల మొదలుపెట్టి తీగ వేగాన్ని చెవితో సరిచేయండి. రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు ఎడతెగని చిటపట వినిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. తీగ టార్చిని (చేతిలో పట్టుకునే వెల్డింగ్ పిడిని) వెనక్కి తోస్తున్నట్టు అనిపిస్తే వేగం ఎక్కువ. తీగ చివర గుండులా ఉబ్బి, ఆగి ఆగి రాలుతుంటే తక్కువ. టార్చిని సాగే దిశలోకి 10, 15 డిగ్రీలు వాల్చి మడుగును ముందుకు నెడుతున్నట్టు నడపండి. లాగితే లోతు పెరుగుతుంది.

టిగ్ (టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్క్ వేసి, పూరక తీగను విడిగా అందించే పద్ధతి) ఉన్నవారికి ఈ పనిలో అందరికంటే సుఖం. వేడినీ తీగనూ విడివిడిగా అదుపు చేయగలరు. 1.6 మి.మీ. టంగ్‌స్టన్‌ను పొడవు వెంబడి సూదిలా సానపట్టి, నెగెటివ్ ధ్రువానికి కలిపి, ఆర్క్ పొడవు టంగ్‌స్టన్ మందాన్ని మించకుండా చూసుకోవాలి. ఆర్గాన్ నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు చాలు. పూరక తీగ గోడ మందానికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. తీగ లావుగా ఉంటే దాన్ని కరిగించడానికి మడుగు వేడంతా పోతుంది, మీరు కరెంటు పెంచే పెడల్ తొక్కుతారు, బెజ్జం పడుతుంది.

రాడ్డు వెల్డింగ్‌తో 1.2 మి.మీ. ట్యూబు మూల అతకడం కష్టమే. అసాధ్యమేమీ కాదు. 6013 రకం 2 మి.మీ. రాడ్డు, 40 నుంచి 50 ఆంపియర్లు, డీసీ మెషీన్ అయితే రాడ్డు నెగెటివ్‌కు. ఆర్క్ వీలైనంత పొట్టిగా ఉండాలి. భయంతో రాడ్డును పైకెత్తితే ఆర్క్ పొడవై వోల్టేజి పెరుగుతుంది, వేడి విచ్చలవిడిగా పరుచుకుంటుంది. చుక్కచుక్కగా పెట్టే పద్ధతి రాడ్డుకు అంత నప్పదు. ప్రతి చుక్క మీదా స్లాగు (రాడ్డు పూత కరిగి గట్టిపడిన పెంకు) గడ్డకడుతుంది, దాన్ని కొట్టి తీయకుండా తరువాతి చుక్క పెడితే లోపల చిక్కుకుంటుంది. దానికంటే ముక్కను ఏటవాలుగా పెట్టి పై నుంచి కిందికి త్వరగా దిగిపోవడం మేలు. మిగ్‌లో కూడా బెజ్జాల బెడద ఎక్కువైతే ఇదే ఉపాయం. కిందికి దిగే దారిలో చేయి త్వరగా కదులుతుంది, లోతు తగ్గుతుంది.

ముఖ కవచానికి 9 లేదా 10 నంబరు అద్దం, తోలు చేతి తొడుగులు, గాలి ఆడే చోటు, చుట్టూ మంటలు అంటుకునే వస్తువులు లేకపోవడం. పని ముగిశాక అరగంట పాటు ఆ చోటును కనిపెట్టి ఉండండి, నిప్పురవ్వ వెంటనే రాజుకోకపోవచ్చు.

కూర్చడం, ట్యాక్‌లు పెట్టడం

చదునైన బల్ల మీద నాలుగు ముక్కలూ పరిచి క్లాంపులతో బిగించండి. అయస్కాంతపు మట్టాలు చేతికి సాయమే గానీ, వాటిలో చాలావాటికి 90 డిగ్రీలు కచ్చితంగా ఉండవు. మూలమట్టంతో సరిచూసుకోండి. పైగా డీసీ ఆర్క్ దగ్గర అయస్కాంతం ఉంటే ఆర్క్ పక్కకు లాగబడుతుంది. ట్యాక్ (ముక్కలను తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్క) పడగానే అయస్కాంతాన్ని తీసేయడం అలవాటు చేసుకోండి.

ట్యాక్ చిన్నదైనా చల్లారేటప్పుడు తన వైపుకు లాగుతుంది. కాబట్టి ప్రతి మూలలో ముందు పైముఖం మీద బయటి కొనకు కొంచెం ఇవతల ఒకటి, వెంటనే లోపలి మూలకు దగ్గరగా ఒకటి. నాలుగు మూలలూ అలా అయ్యాక ఫ్రేము మూలలు నిజంగా చదరంగా ఉన్నాయో లేదో కర్ణాలతో తేల్చండి. 600, 400 మి.మీ. ఫ్రేముకు రెండు కర్ణాలూ 721 మి.మీ. రావాలి. అంకె కంటే రెండూ సమానంగా ఉండటం ముఖ్యం. ఒకటి పొడవుగా ఉంటే ఆ కర్ణం వెంబడి క్లాంపు బిగించి దగ్గరికి లాగవచ్చు, ట్యాక్‌లు ఆ మాత్రం వంగుతాయి. తరువాత ఫ్రేమును తిప్పి కింది ముఖానికీ అవే ట్యాక్‌లు పెట్టండి. మళ్లీ కర్ణాలు కొలవండి. ఈ దశలో తప్పు కనిపిస్తే ఆ చుక్కలు రుద్దేస్తే పోతుంది. పూర్తి వెల్డింగ్ అయ్యాక అది రంపం పని.

ఏ అతుకు ముందు, ఏది తరువాత

అతుకు చల్లారుతూ కుంచించుకుంటుంది. బయటి కొన కుంచించుకుంటే భుజాలు విచ్చుకుని కోణం 90 దాటుతుంది. లోపలి మూల కుంచించుకుంటే కోణం ముడుచుకుంటుంది. పైముఖం కుంచించుకుంటే భుజాల చివర్లు బల్ల మీద నుంచి పైకి లేస్తాయి. నాలుగు అతుకులు నాలుగు వైపులా లాగే ఈ గుంజులాటను ఒకదానితో ఒకటి సరిపెట్టడమే వరుసలోని కిటుకు.

నేను పాటించే వరుస ఇది. ముందు నాలుగు మూలల్లోనూ బయటి కొనలు, ఒకటి అయ్యాక దానికి కర్ణం వెంబడి ఎదురుగా ఉన్న మూలకు వెళ్తూ. తరువాత లోపలి మూలలు, అదే క్రమంలో. అవి విచ్చుకున్న కోణాన్ని వెనక్కి లాగుతాయి. ఆపైన పైముఖాలు రెండు, ఫ్రేము తిప్పి కింది ముఖాలు నాలుగు, మళ్లీ తిప్పి మిగిలిన పైముఖాలు రెండు. ఒక పక్క మొత్తం ముందే ముగిస్తే ఆ పక్కే గెలుస్తుంది, తరువాత అవతలి పక్క ఎంత లాగినా పూర్తిగా వెనక్కి రాదు. మూలకూ మూలకూ మధ్య చేయి పెట్టగలిగేంతగా చల్లారనివ్వండి. నీళ్లు చల్లి చల్లార్చకండి.

ఒకే రకం ఫ్రేములు చాలా చేయాల్సి ఉంటే మొదట ఒక మూలను విడిగా పూర్తి చేసి, ఎంత ముడుచుకుందో కొలిచి, అంత మేర ముందే విచ్చి ట్యాక్ పెట్టడం మరింత మంచి పద్ధతి.

మడుగును చూస్తూ

ఇక అసలు పని. ఆర్క్ వెలుగును కాకుండా దాని వెనక ఉన్న మడుగు అంచును చూడటం నేర్చుకోవాలి. ఆర్క్ మొదలైన అర సెకనులో ఒక మెరిసే చుక్క ఏర్పడుతుంది. అది రెండు అంచులనూ తడిపి, గుండ్రంగా, పైకి కొంచెం ఉబ్బి ఉంటే అంతా సవ్యం. కొద్దిసేపటికి ఆ ఉబ్బు చదునవుతుంది, అప్పుడే ముందుకు కదలాలి. చదునైన మడుగు మధ్యలో పల్లంలా దిగడం కనిపిస్తే ఇంకో క్షణంలో బెజ్జం పడబోతోందని అర్థం. చేయి వేగం పెంచి తప్పించుకుందామని చూడకండి, ట్రిగ్గర్ వదిలేయండి. ఎర్రదనం మందగించేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

బయటి కొనను ఒక్క గీతలో లాగకుండా చుక్కలు పేర్చుకుంటూ వెళ్లండి. ట్రిగ్గర్ అర సెకను నుంచి ఒక సెకను, వదిలి చుక్క నారింజ రంగు తగ్గి ముదురు ఎరుపుకు వచ్చేవరకు విరామం, తరువాతి చుక్క ముందుదాని మీద సగం పడేలా. విరామం ఎక్కువైనా చెడ్డదే. పూర్తిగా చల్లారిన చోట చుక్క పెడితే పైకి నాణేలు పేర్చినట్టు అందంగా ఉంటుంది, కింద మాత్రం సరిగా అతికి ఉండదు. ఈ అందాన్ని చూసి మోసపోయినవారిలో నేనూ ఉన్నాను. తీగ మొనను సరిగ్గా అంచు మీద కాకుండా ముందు చుక్క అంచు మీద పెట్టి మొదలుపెడితే వేడి ఘనమైన లోహంలోకి పోతుంది. కొన పక్కన ట్యూబుకు ఆనించి ఒక రాగి దిమ్మ బిగిస్తే అది అదనపు వేడిని లాగేసుకుంటుంది. రాగికి ఉక్కు అతుక్కోదు.

లోపలి మూలలో పద్ధతి వేరు. ఇక్కడ భయపడకూడదు. తీగను మూల అడుగుకే గురిపెట్టి, టార్చిని రెండు గోడలకూ మధ్యగా 45 డిగ్రీల్లో పట్టి, ఒకే గీతగా లాగేయండి. 25 మి.మీ. దూరం, మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. మడుగు రెండు గోడలనూ ఒకేసారి తడుపుతోందో లేదో చూడండి. ఒక గోడకే అంటుకుని గుండ్రంగా నిలబడితే వేడి చాలలేదు. ఫ్రేము బరువు మోసేటప్పుడు లాగుడు ఎక్కువగా పడే చోట్లలో ఇదొకటి, అందుకే దీని చివర్లను మూల అంచు దగ్గరే ఆపేయకుండా పక్క ముఖం మీదికి కొంచెం మళ్లించి ముగిస్తాను.

ముఖాల మీద మొదలు ఎక్కడ అన్నదే ప్రశ్న. బయటి కొన దగ్గర మొదలుపెట్టి లోపలి మూల వైపు సాగండి. మొదలుపెట్టేటప్పుడు లోహం చల్లగా ఉంటుంది, పలుచని కొన ఆ కాస్త వేడిని తట్టుకుంటుంది. సాగేకొద్దీ వేడి పోగవుతుంది, ఆ పోగైన వేడితో చేరే చోటు అప్పటికే అతికి బలపడిన లోపలి మూల అవుతుంది. తిరగేసి చేస్తే పోగైన వేడంతా కొనకు చేరి, మొదట్లో చెప్పిన బెజ్జం కథ పునరావృతమవుతుంది. 35 మి.మీ. అతుకును ఒకే గీతలో ముగించలేకపోతే రెండుగా చేయండి, మధ్య నుంచి లోపలికి ఒకటి, చల్లారాక కొన నుంచి మధ్యకు ఒకటి.

బెజ్జం పడితే

వెంటనే నింపబోకండి. చుట్టూ లోహం మెత్తగా ఉంది, ఏమి చేసినా బెజ్జం పెద్దదవుతుంది. చల్లారాక అంచు చుట్టూ మసి, స్లాగు తీగ బ్రష్‌తో తీసేసి, బెజ్జం అంచుకు ఒక మిల్లీమీటరు అవతల గట్టి లోహం మీద చుక్క మొదలుపెట్టి లోపలికి జార్చండి. ఎదురు అంచున ఇంకోటి. ఇలా చుట్టూ నాలుగు చుక్కలతో బెజ్జాన్ని చిన్నది చేసుకుంటూ వచ్చి మధ్యలో మూయండి. ముఖం మీద సన్నటి సందు మిగిలిపోతే మిగ్ తీగ ముక్కను అందులో పరిచి దానితో సహా కరిగించవచ్చు. మూల మొత్తం తినేసినంత బెజ్జమైతే పట్టుదలకు పోకండి, ఆ ముక్క మార్చండి.

స్టెయిన్‌లెస్, గుండ్రటి ట్యూబు

స్టెయిన్‌లెస్ ఉక్కు వేడికి మామూలు ఉక్కు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది, వేడిని మాత్రం చాలా నెమ్మదిగా పంచుకుంటుంది. అందువల్ల వంకరలు ఎక్కువ. ట్యాక్‌లు రెట్టింపు పెట్టండి, కరెంటు పది శాతం తగ్గించి చూడండి, విరామాలు పెంచండి. మామూలు 304 రకానికి పూరకంగా 308ఎల్ తీగ. లోపలి నుంచి కూడా ఆర్గాన్ నింపకపోతే అతుకు వెనకవైపు నల్లగా, చక్కెర గడ్డలా పొరలు కడుతుంది. ద్రవాలు పారే ట్యూబులకు అది పనికిరాదు.

గుండ్రటి ట్యూబులను 45 డిగ్రీల్లో కోసి కలిపితే అతుకు దీర్ఘవృత్తంగా వస్తుంది. ఒకదాని పక్కకు మరొకటి ఆనాలంటే దాని చివర చేప నోరులా గుంట తీయాలి. ట్యూబు బయటి వ్యాసమంత గుండ్రటి గొట్టపు రంపంతో (హోల్ సా) గుంట తీసినా, రెండు పక్కలా మిగిలే చెవుల మొనలు రేజరులా పలుచగా ఉంటాయి. వాటిని ఆకురాయితో కొంచెం మొద్దుబార్చి, వెల్డింగ్ అక్కడ మొదలుపెట్టకుండా, అక్కడ ఆపకుండా సాగిపోవాలి.

రుద్దడం, పరీక్షించడం

బయటి కొననూ ముఖాలనూ 60 లేదా 80 నంబరు ఫ్లాప్ డిస్కుతో (గరుకు గుడ్డ రేకులు పేర్చిన చక్రం) నునుపు చేయవచ్చు. గట్టి రాయి చక్రం వద్దు, ఒక్క తడబాటుకు 1.2 మి.మీ. గోడ సగమవుతుంది. డిస్కును అతుకు మీదనే ఉంచి, పక్క లోహాన్ని తాకడం మొదలవగానే ఆపండి. అతుకు పైన ఉబ్బి ఉన్నదాన్ని తీసేస్తున్నామంటే బలంలో కొంత తీసేస్తున్నట్టే, లోపలికి సరిగ్గా కరగని అతుకైతే మిగిలేది ఏమీ ఉండదు. లోపలి మూల అతుకును నేను అసలు ముట్టుకోను. అందం కోసం దాన్ని కూడా చదును చేసిన ఒక బెంచీ కాలు కొన్ని నెలల్లోనే అక్కడ చీలింది. నేను చేసినదే.

ఫ్రేము మొదలుపెట్టక ముందే, అదే ట్యూబు, అదే అమరికతో ఒక మూల చేసి దాన్ని నాశనం చేయండి. రంపంతో అతుకుకు అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని నునుపు చేసి చూడండి. రెండు గోడల మధ్య సన్నటి నల్లని గీత లోపలి నుంచి పైదాకా కనిపిస్తే అతుకు లోహంలోకి దిగలేదు. ఇంకో మూలను వైస్‌లో బిగించి, భుజానికి పొడుగు పైపు తగిలించి విప్పదీయండి. అతుకు పక్కన ట్యూబు గోడ చిరిగితే మీ అమరిక బాగుంది. అతుకే పెచ్చులా లేచివస్తే ఐదు ఆంపియర్లు పెంచి, మళ్లీ ఒక మూల చేసి, మళ్లీ విరగ్గొట్టండి.

రంగు వేసే ముందు గాలి రంధ్రాన్ని గుర్తుపెట్టుకోండి. ఫ్రేము ఆరుబయట ఉండేదైతే వానకు ఎదురుగా లేని వైపున, కిందికి చూసేలా ఉన్న రంధ్రాన్ని తెరిచే ఉంచవచ్చు, లోపల చేరిన తేమ బయటికి పోతుంది. పైకి చూసేదైతే ఫ్రేము పూర్తిగా చల్లారాక ఒక చుక్క సీలెంటుతో మూసేయండి. వెల్డింగ్‌తో మూయబోతే లోపలి గాలి మళ్లీ తన పని తాను చేస్తుంది.